రాళ్ళ చర్చి ఎనిమిదో తూము

నేను ఒక రాతి తూమును. డాబా ఇళ్ళకి వేలాడే సిమెంటు గొట్టం లాంటిదాన్ని కాను. నాకు మొహం ఉంది. రెండు పొట్టి కొమ్ములు, ముందుకి పొడుచుకొచ్చిన కళ్ళు, చెవుల దాకా చీలిన నోరు ఉన్నాయి. సింగరాయరేవులో జనం రాళ్ళ చర్చి అని పిలుచుకునే పెద్ద చర్చికి దక్షిణపు గోడ మీద, నలభై అడుగుల ఎత్తున, గాలిలోకి మూడున్నర అడుగులు సాగి ఉండడం నా ఉద్యోగం. కప్పు మీద పడ్డ వాన నీళ్ళు నా వీపున చెక్కిన కాలవలో పారి, గొంతులోంచి దూకి, గోడని తాకకుండా దూరంగా పడాలి. ఉన్నమాట చెప్పాలంటే ఉమ్మడమే నా వృత్తి. మనుషుల్లో ఈ పని చేసేవాళ్ళని ఎవరూ మెచ్చుకోరు. నన్ను మాత్రం కష్టపడి చెక్కించి మరీ పెట్టుకున్నారు.

ఆ చర్చి కట్టించినవాడు హార్గ్రీవ్ దొర. తెలుగు భాషని పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాడు. దెయ్యం బొమ్మ గీసిన కాగితం తెచ్చి శిల్పి పెదలింగాచారి చేతిలో పెడితే, లింగాచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దేవుడి ఇంటికి దెయ్యం ఎందుకు దొరగారూ?" అన్నాడు.

"ఫ్రాన్సు దేశమందు ఎనిమిది వందల ఏండ్లుగా ఇటులనే కట్టుచున్నారు" అన్నాడు దొర.

లింగాచారి ఉలి అందుకున్నాడు. ఆయన శాస్త్రంలోనూ సగం ప్రశ్నలకి జవాబు అదే.

ఒక్కో తూముకి ఒక్కో మొహం కావాలన్నాడు దొర. ఏడు చెక్కేసరికి లింగాచారికి తెలిసిన దెయ్యాలు అయిపోయాయి. ఎనిమిదో దాన్ని నేను. ఆ వారం ఆయనకి పన్ను నొప్పి. నీళ్ళ తొట్టిలో తన మొహం తను చూసుకుని, దానికి కొమ్ములు తగిలించాడు. అందువల్ల నాది దెయ్యం మొహం కాదు, దవడ వాచిన శిల్పి మొహం. దొర చూసి, మిగతా ఏడింటికన్నా ఇదే భయంకరముగా ఉన్నదని సంతోషించాడు.

చర్చి లోపల చేతులు జోడించినట్టు కొన తేలిన ఆర్చీలు. వాటి మీద దూలమన్నది లేకుండా రాయికి రాయి ఆనుకుని నిలబడ్డ పైకప్పు. దాని కింద పెట్టిన కర్రలు తీసేసిన రోజున, అది కూలుతుంటే చూద్దామని ఊళ్ళో సగం మంది అన్నాలు కట్టుకుని వచ్చారు. సాయంత్రం దాకా కూర్చుని, అన్నాలు తిని, నిరాశగా ఇళ్ళకి పోయారు. కప్పు కూలకపోవడానికి కారణం బయట ఉంది. గోడకి పదిహేను అడుగుల దూరంలో లావుపాటి స్తంభాలు, ఆ స్తంభాల మీంచి వంగి వచ్చి గోడ భుజాన్ని నొక్కిపట్టిన రాతి కమానులు. ఊళ్ళోవాళ్ళు వాటిని రాతి చేతులు అనేవాళ్ళు.

దాదాపు అరవై ఏళ్ళు నా పని నేను చేశాను. తర్వాత వచ్చిన ఒక తుఫానుకి మొదలు దగ్గర విరిగి కింద బురదలో పడ్డాను. నన్ను తిరిగి పైన పెట్టాలని చర్చి కమిటీ తీర్మానం చేసింది. తీర్మానం పుస్తకంలో ఉంది, నేను గడ్డిలో ఉన్నాను. అలా నాలుగేళ్ళు.

అప్పుడు వచ్చింది నాంచారమ్మ.

చర్చి బట్టలు ఉతికే ఇంటికి కొత్త కోడలు. ఇరవై రెండేళ్ళుంటాయి. గుడ్డల మూట తీసుకోవడానికి వెనక గేటులోంచి వచ్చి, గడ్డిలో వెల్లకిలా పడున్న నా పొట్ట మీద అరచెయ్యి వేసి రాసింది. పాస్టరుగారి దగ్గరికెళ్ళి, "అయ్యగారూ, ఆ రాయి ఎవరికీ అక్కర్లేకపోతే పట్టుకెళ్తానండి" అంది. ఆయన నా మొహం చూసి, వెంటనే పట్టుకెళ్ళమన్నారు.

మొగుడూ ముగ్గురు మరుదులూ నన్ను ఎద్దుబండి మీదికి ఎత్తి, వాళ్ళ దొడ్లో కుళాయి పక్కన దించారు. నీటికాలవ ఉన్న వీపు నేలకి, పొట్ట ఆకాశానికి. "మరి మొహం తలకిందులైంది కదే" అన్నాడు మొగుడు. "మొహం ఎట్టుంటే మనకేం? పొట్ట బల్లపరుపుగా ఉంది, అది చాలు" అంది నాంచారమ్మ.

ఆ రోజు నుంచి ముప్ఫయ్యారేళ్ళు లోకాన్ని తలకిందులుగా చూశాను. నష్టమేమీ లేదు. మనుషులు కొంచెం మెరుగ్గా కూడా కనిపించారు. లింగాచారి నా పొట్టకి చెక్కిన పొలుసులన్నీ నాంచారమ్మ దెబ్బలకి అరిగి నున్నబడ్డాయి. ప్రతి శుక్రవారం బిషప్ గారి తెల్లటి అంగీలు నా మీద పడేవి. ఆదివారం ఆయన వాటిని వేసుకుని సాతానును కాలికింద తొక్కడం గురించి ప్రసంగించేవారు. అంగీ అంత తెల్లగా ఎక్కడ తేలిందో ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

నాంచారమ్మ మొగుడు పోయాడు. కూతురికి పెళ్ళై గుడివాడ వెళ్ళింది. వీధిలో ఇంటింటికీ వాషింగ్ మిషన్లు వచ్చాయి. ఒక్కో మూటా తగ్గి తగ్గి, చివరికి చర్చి మూట ఒక్కటే మిగిలింది. "మిషన్లో వేస్తే బిషప్ గారి లేసు ఊడొస్తుంది. ఆ లేసు చల్లగా ఉండాలి" అని కూతురితో ఫోన్లో అంటూ ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం మా దొడ్లోకి ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటూ వచ్చారు.

ఒకాయన కృపావరం గారు, చర్చి కార్యదర్శి. రిటైరయ్యాక కారు కొన్నారు, ఆ కారు ఎండలో ఉంటే ఆయన నీడలో ఉండలేరు. చర్చికి వందేళ్ళు నిండుతున్న సందర్భంగా దక్షిణం వైపు కార్లకి షెడ్డు వేయించాలని ఆయన పట్టుదల. అడ్డం ఒకటే, రాతి చేతులు. వాటిని కొట్టించేద్దామని కమిటీలో పెట్టారు. కమిటీలో కార్లున్న వాళ్ళందరూ బాగుందన్నారు.

రెండో మనిషి మృణాళిని. పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీరు. వాన కారుతోందని బిషప్ గారే హైదరాబాదు నుంచి పిలిపించారు. చేతులు కొడితే గోడ పోతుందని కమిటీకి గంటసేపు బొమ్మలు వేసి చూపించిందట. మధ్యలో టీ వచ్చింది. కమిటీ టీ తాగింది. మర్నాడు ఓటింగు. ఈలోపు, దక్షిణపు గోడ నాచు పట్టిన చోట ఒక తూము లేదని కనిపెట్టి, అది నాంచారమ్మ దొడ్లో ఉందని గంట కొట్టే ముసలాయన చెబితే నన్ను చూడ్డానికి వచ్చింది. ఆవిడ ఇంకెవరికైనా బొమ్మలు చూపిస్తుందేమోనని కృపావరం గారు వెంట వచ్చారు.

"నాలుగడుగుల మందం గోడ అమ్మా అది. దానికి చేయూత ఏమిటి? అవి ఉత్త అలంకారం" అంటున్నారు కృపావరం గారు.

"అలంకారం కాదండీ. పైకప్పు బరువు గోడని బయటికి తోస్తుంది. ఆ తోపుని ఆపేవి అవే."

"వందేళ్ళుగా నిలబడ్డ గోడ. ఈపాటికి దానికి అలవాటైపోయి ఉంటుంది."

నాంచారమ్మ అప్పుడే ఉతికిన బట్టలు ఆరేస్తోంది. దొడ్లో ఆ చివరొక తాటి గుంజ, ఈ చివరొక తాటి గుంజ, మధ్యన దండెం. దండెం నిండా బిషప్ గారి అంగీలు నాలుగు, బల్ల మీద పరిచే పెద్ద గుడ్డ, పాటలు పాడేవాళ్ళ గౌనులు పదహారు. అన్నీ నీళ్ళోడుతున్నాయి. ఈ చివరి గుంజ బరువుకి లోపలికి ఒరక్కుండా ఏటవాలుగా ఒక పంగల కర్ర ఆనించి ఉంది.

"అమ్మగారూ, చర్చి గోడ ఎటు పడాలని చూత్తందన్నారు?" అని అడిగింది.

"బయటికి" అంది మృణాళిని.

"చేతులూ బయటే ఉన్నాయిగా. మరి సరిగ్గానే పెట్టారు. పడే వైపేగా కర్ర పెట్టేది." కృపావరం గారి వైపు తిరిగి, "ఈ గుంజ కూడా ఇరవై ఏళ్ళుగా నిలబడే ఉంది బాబుగారూ. దీనికీ అలవాటై ఉంటుంది. చూద్దామా?" అంది.

కాలితో పంగల కర్రని పక్కకి తన్నింది.

ముందు ఏమీ కాలేదు. కృపావరం గారు నవ్వబోయారు కూడా. గుంజ మొదట్లో మట్టి కొంచెం పగిలింది. తర్వాత గుంజ, నిద్రొచ్చిన మనిషి తల వాల్చినట్టు, మెల్లగా లోపలికి వాలింది. దండెం దిగింది. పదహారు గౌనులూ, మూడు అంగీలూ వరసగా బురదలో కూర్చున్నాయి. నాలుగో అంగీ మాత్రం దండెం ఊపుకి ఎగిరి కృపావరం గారి తల మీంచి భుజాల మీదికి దిగింది. తడి అంగీలో ఆయన ప్రసంగం మొదలుపెట్టబోతున్న బిషప్ లాగా నిలబడిపోయారు.

నాంచారమ్మ మొహం చూశాను. తలకిందులుగానే అయినా తెలిసింది, ఆవిడ భయపడుతోంది. మిగిలింది ఆ ఒక్క మూట. దాన్ని తన కాలితో తనే బురదలోకి తన్నుకుంది.

కృపావరం గారు అంగీ తీసి మడిచారు. మడిచాక ఎక్కడ పెట్టాలో తెలియక నా పొట్ట మీద పెట్టారు.

"ఆ గోడ పడితే ఎంత దూరం పడుతుంది?" అని మృణాళినిని అడిగారు, చాలా నెమ్మదిగా.

"రాళ్ళు ముప్ఫై అడుగుల దాకా వస్తాయండి. మీరు షెడ్డు వేస్తానన్న చోటికి."

ఆయన గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నాంచారమ్మా, అవి ఆదివారానికి అందుతాయా?" అన్నారు.

"అందుతాయి బాబుగారూ."

మర్నాడు చేతులు కొట్టరాదని కమిటీలో ప్రతిపాదించింది ఆయనే. "దీర్ఘాలోచన అనంతరం" అని తీర్మానంలో రాయించారట. షెడ్డు ఉత్తరం వైపు వేప చెట్ల కిందికి మారింది. అక్కడ నీడ ముందునుంచీ ఉంది.

ఆ తర్వాత మృణాళిని నా కోసం వచ్చింది. ఏడు తూములున్న చోట గోడ పొడిగా ఉందనీ, నేను లేని చోట నీరు దిగి లోపలి సున్నం రాలుతోందనీ చెప్పింది. నాంచారమ్మ నా మీద కూర్చుని అంతా విని, అరిగిన నా పొలుసుల్ని వేళ్ళతో తడిమింది.

"అది మీకు తూము. నాకు చెయ్యి లాంటిదమ్మా" అంది. "అది ఉండే చోటేదో ఒకసారి చూపించండి. అప్పుడు చెప్తాను."

జరిగింది ఆ సాయంత్రం కూతురితో ఫోన్లో చెబుతుంటే విన్నాను. ముప్ఫయ్యారేళ్ళుగా ఆ చర్చి గుడ్డలు ఉతికినావిడ, బట్టల గది గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. "గొడుగులో ఊచలున్నట్టు పైనంతా రాతి ఊచలేనే. దాని కింద నుంచుంటే వాన పడని చోట నుంచున్నట్టుంది." చుట్టూ తిరిగే మెట్లు తొంభై పైన ఎక్కిందట, మోకాళ్ళు పట్టుకుని, మూడుసార్లు కూర్చుని. పైన ఏడు బొమ్మలు, ఎనిమిదో చోట పగిలిన రాయి. అక్కణ్ణుంచి మా దొడ్డి, కుళాయి, దండెం కనిపించాయట. "మన ఇల్లు ఎంత చిన్నదో. నేనే అగ్గిపుల్లంత ఉంటానేమో అక్కణ్ణుంచి చూత్తే" అని, ఫోను రెండో చెవికి మార్చి, "ఇచ్చేత్తానన్నానే" అంది.

ఒక్కటే షరతు పెట్టింది. బదులు సిమెంటు బండ ఇవ్వకూడదు, బట్టలు చిరుగుతాయి. అందుకు లింగాచారి మనవడు గోవర్ధనాచారిని పిలిపించారు. మూడు వారాలు దొడ్లో కూర్చుని నల్లరాతి బండ ఒకటి తీర్చాడు. మూలలో చిన్న బొమ్మ చెక్కనా అని అడిగితే, "పని చేసేటప్పుడు నన్ను చూసే మొహం ఒకటి చాలు నాయనా, ఇన్నేళ్ళు చూసింది" అందావిడ. నన్ను ఎత్తేముందు అరిగిన పొలుసులు మళ్ళీ చెక్కుతానన్నాడతను. "దాన్ని ముట్టుకోకు. అట్టా చెయ్యడానికి ముప్ఫయ్యారేళ్ళు పట్టింది" అని అడ్డం నిలబడింది.

స్టీలు కడ్డీలు దిగ్గొట్టి నన్ను గోడకి అతికారు. వందేళ్ళ పండగ జూలైలో వచ్చింది. బిషప్ గారు ఊరేగింపుగా దక్షిణం వైపు నుంచి వస్తుండగా ఆ ఏటి మొదటి పెద్ద వాన అందుకుంది. నా కాలవలో, గొంతులో ముప్ఫయ్యారేళ్ళ సబ్బు గడ్డకట్టి ఉన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఏడు తూములూ నీళ్ళు వదిలాయి. నేను నురగ వదిలాను. తెల్లగా, బుడగలు బుడగలుగా, అరగంట సేపు. కొందరు మోకాళ్ళూనారు. కొందరు ఫోన్లు తీశారు. జనంలో గొడుగు కింద ఉన్న నాంచారమ్మ, పక్కనున్న కృపావరం గారితో, "ఏం లేదు బాబుగారూ, అది బట్టల సబ్బు" అంది. ఆయన ఆ మాట ఇంకెవరికీ చెప్పొద్దని బతిమాలారు.

ఇప్పుడు లోకం నాకు నిటారుగా కనిపిస్తోంది. ఎండాకాలం పని ఉండదు, చూస్తూ ఉంటాను. పొద్దున్నే చర్చి మూట విప్పి నాంచారమ్మ కొత్త బండ దగ్గర నిలబడుతుంది. ఇక్కణ్ణుంచి నిజంగానే అగ్గిపుల్లంత ఉంటుంది. గుడ్డ పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. అంత దూరం కాబట్టి చప్పుడు వెంటనే రాదు, ఒక ఘడియలో వెయ్యోవంతు ఆలస్యంగా వస్తుంది. గుడ్డ దిగడానికీ చప్పుడు రావడానికీ మధ్య ఆ కాస్త వ్యవధిలో, రాయినైనా సరే, నా పొట్ట బిగబట్టుకుంటాను.