దబిషా తర్వాత మూడేళ్లు

సెయింట్ లూయిస్‌లో కూతురు విద్య దగ్గరికి వచ్చిన నెలకే రాగిణికి పక్కింటి సెనాదాతో స్నేహం కుదిరింది. యుద్ధం రోజుల్లో చిన్నపిల్లగా బోస్నియా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి సెనాదా. శనివారాలు తమవాళ్ల హాల్లో పిల్లలకి సొంత భాష, చరిత్ర చెబుతుంది. రాగిణి నల్గొండ జిల్లాలో ముప్పై ఏళ్లు సోషల్ టీచర్‌గా చేసిందని తెలిసి, "ఒకసారి మా క్లాస్ చూద్దురు గాని" అంటూ కార్లో ఎక్కించుకుని వెళ్లింది.

హాల్లో గోడంత చెక్క బోర్డు. పాతకాలపు బోస్నియా రాజుల పేర్లు, ఏలిన సంవత్సరాలు వరసగా రాసి ఉన్నాయి. రాసింది ఇబ్రో, డెబ్బై దాటిన పెయింటర్. దబిషా 1395తో ముగిశాడు. కింద ఓస్తోయా 1398లో మొదలయ్యాడు. రాగిణి చూపు అక్కడే ఆగిపోయింది.

"మధ్యలో మూడేళ్లు ఎవరండీ?" అని తన ఇంగ్లీషులో అడిగింది.

"దబిషా భార్య యెలెనా. కొత్త రాజు దొరికేదాకా కూర్చోబెట్టారు, అంతే," అన్నాడు ఇబ్రో.

ఆ 'అంతే' రాగిణికి చురుక్కుమంది. ఆమె బడిలోనూ హెడ్మాస్టర్ల బోర్డు ఒకటుంది. పాతాయన బదిలీ అయ్యాక రెండేళ్లు బడిని నడిపింది తనే. ఇన్‌చార్జే కదా అని ఆమె పేరు రాయించలేదు. అప్పుడు నోరెత్తలేకపోయినందుకు తన మీద తనకి ఇప్పటికీ కోపమే.

సోమవారం పొద్దున్నే లైబ్రరీకి బయల్దేరింది.

"రెండు మైళ్లమ్మా! వీకెండ్‌లో నేను డ్రైవ్ చేస్తాగా, ఆగు," అంది విద్య.

"నడుస్తాలే. నువ్వు మీటింగ్ చూసుకో."

బోస్నియా చరిత్ర పుస్తకం వేరే ఊరి నుంచి రావాలన్నారు. వచ్చేలోపు మూడుసార్లు నడిచి వెళ్లి అడిగి వచ్చింది. చివరికి చేతికొచ్చింది. అందులో ఉంది: దబిషా పోగానే హంగరీ రాజు బోస్నియా సింహాసనం నాదన్నాడు. బోస్నియా ప్రభువులు సభ తీరి, కుదరదని చెప్పి, యెలెనాను రాణిగా ఎన్నుకున్నారు.

ఆ పేజీని ఇబ్రో రెండుసార్లు చదివాడు. "నిజమే. కానీ చోటేదీ? కింది పేర్లన్నీ గీకేసి మళ్లీ రాయాలి. నా భుజం సహకరించదు."

"గీకడం నా వంతు. రాయడమే మీది," అంది రాగిణి.

రెండు శనివారాలు గరుకు కాగితంతో ఒక్కో పేరూ గీకింది. మణికట్టు వాచింది. రెండోవారం విద్య సణుక్కుంటూనే వచ్చి, తల్లి చేతిలోంచి కాగితం లాక్కుని మిగిలిన పేర్లన్నీ తనే గీకేసింది. మూడోవారం ఇబ్రో రంగు కలిపి, దబిషా కింద 'రాణి యెలెనా, 1395–1398' అని రాశాడు. మిగతావాళ్ల అక్షరాలు ఎంత పెద్దవో ఆమెవీ అంతే. గీకేసిన పేర్లన్నీ ఒక్కో వరస కిందికి జరిపి మళ్లీ రాశాడు.

ఒక చిన్నపిల్ల చదివి, "బాగా ఏలిందా? మరి మూడేళ్లకే ఎందుకు దిగిపోయింది?" అని అడిగింది.

సెనాదా రాగిణి వైపు తిరిగి, "మీరే చెప్పండి," అంది.

రాగిణి చేతులు దులుపుకుని బోర్డు ముందు నిలబడింది. ఇబ్రో కూడా కుర్చీ లాక్కుని పిల్లల వెనక కూర్చున్నాడు.