సలహాకి రెండు షాట్లు

"కత్తి అలా కాదు, బొటనవేలు పైకి పెట్టి పట్టుకో" అన్నారు మా ఆయన, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే. నిన్నగాక మొన్న కత్తి పట్టినదాన్ని కాదు నేను. పందొమ్మిదేళ్ళుగా ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. పైగా ఆస్పత్రి ల్యాబులో రోజుకి అరవై మంది చేతుల్లో నరం వెతికి, ఒక్క పోటుతో రక్తం తీస్తాను. పసిపిల్లల తల్లులు నా టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఆగి మరీ నా దగ్గరికే వస్తారు. ఇంటికొచ్చేసరికి మాత్రం నా చేతికి ఏమీ తెలియదు. బొటనవేలు పైకి పెట్టుకున్నాను.

ఆయన చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పుకోకపోతే నాకే మనసొప్పదు. గొంతు పెంచరు, నాకు జ్వరమొస్తే సెలవు పెట్టి పక్కనే కూర్చుంటారు. కూర్చుని, మాత్ర ఎలా మింగాలో చెప్తారు. కారు ఎక్కడ తిప్పాలో, తలుపు ఎంత మెల్లగా వెయ్యాలో, మా అక్కతో ఫోనులో ఏం మాట్లాడాలో చెప్తారు. చెప్పినట్టు చెయ్యకపోతే కోప్పడరు. తేడా వచ్చినప్పుడు "నే చెప్పలేదూ" అంటారు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా అత్తగారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిడ నా తల నిమిరి, "నీ మంచికేగా చెప్తాడు తల్లీ. మీ మావయ్యగారైతే పనుంటే తప్ప నాతో మాట్లాడేవారే కాదు. నువ్వు అదృష్టవంతురాలివి" అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. అదృష్టానికి ఎదురు చెప్పడం ఎలాగో తెలియక, ఏ పని చెయ్యబోయినా ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకున్నాను, ఆయన మాట వచ్చేదాకా. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా ఆగుతున్నానని ఈ మధ్యే గమనించాను. ఆ రోజు చేతిలో గరిటెతో అలాగే నిలబడి, నిజంగా భయపడ్డాను.

ఈ ఏడు ఆయన ఆఫీసులో ఉద్యోగులకీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ కలిపి గోల్ఫ్ పోటీ పెట్టారు. అందరూ కొత్తవాళ్ళే. నాలుగు ఆదివారాలు శిక్షణ, ఐదో ఆదివారం తొమ్మిది హోల్స్, అంటే తొమ్మిది గుంటల ఆట. నేర్పడానికి వచ్చినావిడకి అరవై దాటాయి. వెడల్పాటి టోపీ ఎప్పుడూ తియ్యదు కాబట్టి టోపీ మేడమ్ అనేవాళ్ళం. సంచిలో పద్నాలుగు క్లబ్బులు మించకూడదని, మన మొహాలకి ఏడు చాలని చెప్పి, ఒక్కొక్కటీ తీసి చూపించింది. లావు తలది దూరం కొట్టడానికి. నంబర్లు వేసిన ఇనప క్లబ్బుల్లో నంబరు పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది. పట్టర్ అనేది గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, బంతిని మెల్లగా దొర్లించడానికి. బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొట్టాలి. ఎన్ని తక్కువ షాట్లలో గుంటలో వేస్తే అంత గొప్ప.

మూడో ఆదివారం ఆవిడ ఇంకో రూలు చెప్పింది. పోటీలో ఎవరి బంతి వాళ్ళది. ఎలా కొట్టాలో పక్కవాళ్ళకి చెప్పకూడదు, పక్కవాళ్ళని అడగకూడదు. చెప్పినా, అడిగినా వాళ్ళ లెక్కలో రెండు షాట్లు పెనాల్టీ కలుస్తాయి. నేను చెయ్యెత్తాను.

"మొగుడైనానా మేడమ్?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మొగుడైనా" అంది. జంటగా ఆడేవాళ్ళు మాత్రం ఒకరికొకరు చెప్పుకోవచ్చట. పేర్లిచ్చే కాయితం మీద ఆయన జంట అని రాయబోతుంటే, విడిగా ఆడతానన్నాను. నీకే కష్టం అన్నారు. కష్టపడతానన్నాను.

విడిగా ఆడేవాళ్ళు షాట్ల లెక్క వేసే కార్డు ఒకరిది ఒకరు రాయాలి. నా కార్డు ఆయన దగ్గర, ఆయనది నా దగ్గర. మొదటి రెండు హోల్స్ ఆయన పెదవులు బిగబట్టుకుని నడిచారు, పాపం. మూడో దాంట్లో నా బంతికి ఎదురుగా నీటిమడుగు వచ్చింది. చిన్న షాట్‌తో ఇవతలే ఆపి, తర్వాతి దాంతో దాటిద్దామని తొమ్మిదో నంబరు తీశాను.

"అది కాదు, ఏడు తియ్యి. ఒక్క దెబ్బకి దాటేస్తుంది" అన్నారు.

నేను ఆగాను. చెయ్యి దానంతటదే సంచి వైపు వెళ్ళింది. పసిబిడ్డకి సూది గుచ్చేటప్పుడు కూడా నా గుండె అంతలా కొట్టుకోలేదు. ఇప్పుడు వింటే ఇక జన్మంతా వింటూనే ఉంటాననిపించింది. జేబులోంచి ఆయన కార్డు తీసి, మూడో గడిలో పెనాల్టీ రెండు అని రాసి చూపించాను. నీ మంచికేగా చెప్పింది అన్నారు, తెల్లబోయి.

"తెలుసండీ. కానీ ఇది నా బంతి" అన్నాను.

తొమ్మిదో నంబరుతోనే కొట్టాను. బంతి ఇవతలే పడింది. పడి, వాలున దొర్లుకుంటూ వెళ్ళి బుడుంగున మునిగింది. ఆయన నోరు తెరిచి, నా చేతిలో కార్డు చూసి మూసుకున్నారు. ఆయన చెప్పిందే రైటు కావచ్చు. పందొమ్మిదేళ్ళలో అచ్చంగా నాదైన మొదటి తప్పు అది. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. అలిగారనుకున్నాను, కానీ వెళ్ళి బుజ్జగించలేదు. ఆ నిశ్శబ్దంలో నా ఆలోచన నాకే వినపడసాగింది. గ్రీన్ల మీద ఇంకో సంగతి తెలిసింది, నాకు వాలు కనిపిస్తుందని. ఇన్నేళ్ళు గదులు కడిగినదాన్ని, ఏ గచ్చు మీద నీళ్ళు ఏ మూలకి పోతాయో చూడగానే చెప్పగలను. పచ్చికా అంతే. ఐదో హోల్లో, ఏడో హోల్లో నేను దొర్లించిన బంతి వంపు తిరిగి, బుద్ధిగా గుంటలోకి వెళ్ళింది. రెండుసార్లూ ఆయన నన్నే చూస్తూ నిలబడ్డారు.

చివరి హోల్లో నా బంతి గుంటకి అడుగు దూరంలో ఆగింది, ఆయనది పది అడుగుల దూరంలో. దూరంగా ఉన్నవాళ్ళు ముందు కొట్టాలి. ఆయన వంగి చూశారు, అటు వెళ్ళి చూశారు, ఇటు వచ్చి చూశారు. తర్వాత తలెత్తి, పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగారు.

"ఎటు కొట్టమంటావు?"

అడగడం తప్పని ఆయనకి తెలుసు. చెప్పడం తప్పని నాకు తెలుసు. ఆ ముఖంలో వేళాకోళం లేదు. ఆ మనిషి మీద నాకెంత ప్రేమ పొంగిందో మాటల్లో చెప్పలేను. వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి వైపుకి జానెడు ఎగువగా కొట్టమని, అదే ఎడమకి దిగుతుందని చెప్పాను. ఆయన తలూపారు. ఆయన కార్డు తీసి, తొమ్మిదో గడిలో పెనాల్టీ రెండు అని రాశాను.

"నాకూ రెండు రాయండి" అన్నాను.