పైగది స్పీకరు

శ్రీరామరాజుగారి ఇంట్లో ఒకచోట మీట నొక్కితే ఆరు గదుల్లో పాట వస్తుంది. వంటింట్లో, పూజగదిలో, ఆఖరికి స్నానాల గదిలో కూడా. ఆ వైరింగంతా వీరబ్రహ్మం వేసిందే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రాజుల మేడల్లో అతని చెయ్యి పడనిది తక్కువ.

రాజుగారు పట్టుబట్టి ఇంకో పని కూడా చేయించుకున్నారు. తన రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో ఒక స్విచ్చి పెట్టించి, అది నొక్కితే మేడ మీద తన పడకగది స్పీకరులో బెల్లు మోగేలా, కరెంటు లేకపోయినా బ్యాటరీ మీద నడిచేలా కలిపించారు. కరెంటు పోయి చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతే కాపలా ఉండే చిట్టియ్య అది నొక్కాలి, ఈయన లేవాలి. జనరేటరు గది తాళంచెవి ఆయన తలగడ పక్కనే ఉంటుంది మరి. ఒకసారి డీజిలు పోయిన దగ్గర్నుంచి ఆయన మనిషన్నవాణ్ణి నమ్మడం మానేశారు.

మొన్న మంగళవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. నొక్కుతూనే ఉన్నానంటాడు చిట్టియ్య. ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి మేడ దాకా పరిగెత్తుకొచ్చి తలుపులు బాదాడు. రాజుగారు తాళంచెవి పట్టుకుని వెళ్ళేసరికి నీళ్ళలో గాలి అయిపోయి రొయ్యలన్నీ గట్టువారకు చేరి చచ్చిపడి ఉన్నాయి.

తాగి పడుకుని, ఆలస్యంగా లేచి, బెల్లు మీద నెపం పెడుతున్నాడన్నారు రాజుగారు. చిట్టియ్య తాగడని ఊరంతటికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ చెరువు పోయాక తప్పు ఎవరో ఒకరి నెత్తిన పెడితేగాని ఆయనకు ముద్ద దిగదు.

"ఆ వైరు వేసినవాడే వచ్చి చూస్తాడు. బెల్లు పాడైందని తేలితే వీణ్ణి వదిలేస్తా. బాగుందంటే పోలీసు స్టేషనే" అన్నారు.

వీరబ్రహ్మం పొద్దున్న పదింటికి వచ్చేసరికి చిట్టియ్య మెట్ల పక్కన, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరే చెప్పాలండి బ్రహ్మంగారు. నేను నొక్కేనండి."

"చూస్తాను కదా" అన్నాడు వీరబ్రహ్మం.

కింద ఆంప్లిఫయరు బాగానే ఉంది. దాని వెనక పైగది వైరు రెండు కొసలూ విప్పి మీటరు పెట్టాడు. ఆరు ఓములు చూపించింది. అంటే వైరు బాగుంది, పైన స్పీకరూ బాగుంది. కొసలు మళ్ళీ బిగించి, పైకి వెళ్ళి స్పీకరుకు వచ్చే వైరుకు పెట్టి చూశాడు, అక్కడా బాగానే ఉంది. తీరా మీటరు తీసి సర్దుకోబోతూ గోడమీది వాల్యూము నాబు ప్లేటును అలవాటుకొద్దీ వేలితో తట్టాడు. మీటరులో అంకె ఎగిరి మాయమైపోయింది. ఇంకోసారి తడితే మళ్ళీ వచ్చింది.

ప్లేటు విప్పకముందే అతనికి గుర్తొచ్చింది. గృహప్రవేశం ముహూర్తం ఇంకో రెండు గంటలుందనగా ఆ వైరు జానెడు తక్కువైంది. తాపీమేస్త్రీ పక్కన నిలబడి తొందర పెడుతున్నాడు. ముక్క మెలేసి, టేపు చుట్టి లోపలికి తోసేశాడు. టంకం వేస్తే పది నిమిషాలు పట్టేది. తర్వాత వచ్చి మార్చుకోవచ్చులే అనుకున్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు.

విప్పి చూస్తే టేపు జారిపోయి ఉంది. ఏసీ చెమ్మకు రాగి పచ్చగా చిలుము పట్టింది. ఆ రెండు తీగలూ తమ ఇష్టమొచ్చినప్పుడు కలుస్తున్నాయి, లేనప్పుడు లేదు.

రాజుగారిని పిలవాలనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆయన ఒక్క ఫోను చేస్తే ఈ తాలూకాలో తనను గుమ్మం ఎక్కనిచ్చే ఇల్లుండదని కూడా అనుకున్నాడు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. చిలుము ముక్క కత్తిరించి, కొత్త ముక్క అతికి, ఈసారి టంకం కూడా వేసి, ప్లేటు బిగించాయి. పచ్చ ముక్క చొక్కా జేబులోకి పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమయ్యా, ఏం తేలింది?" అంటూ రాజుగారు పైకి వచ్చారు.

"వైరు బాగానే ఉందండి."

ఆయన బాల్కనీలోంచి వంగి, "ఒరేయ్ చిట్టియ్యా, వెళ్ళి నొక్కిరా" అన్నారు.

చిట్టియ్య గట్టు వెంట నడిచి వెళ్ళడానికి పావుగంట పట్టింది. వీరబ్రహ్మం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పడానికి పావుగంట చాలా ఎక్కువ. బెల్లు మోగింది. కిటికీ అద్దాలు అదిరేలా, ఆపకుండా మోగింది.

చిట్టియ్య ఆయాసపడుతూ తిరిగొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. "మోగలేదు కదండీ?"

రాజుగారు ఫోను తీసి స్టేషనుకు కలుపుతున్నారు. చిట్టియ్య వీరబ్రహ్మం వైపు తిరిగాడు.

"మీరు విన్నారాండి?"

"విన్నాను."

చిట్టియ్య తన బొటనవేలి వంక కాసేపు చూసుకున్నాడు.

"అయితే నేనే సరిగ్గా నొక్కి ఉండనండి. చీకట్లో, కంగారులో..." తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "బ్రహ్మంగారండి, ఊరికే మీ పని మీద నింద వేశాను. మనసులో పెట్టుకోకండి."

"పర్లేదులే చిట్టియ్యా" అన్నాడు వీరబ్రహ్మం.