గొడుగు ఏ చేతిలో

దారి తప్పిన మబ్బుపిల్లను గొడుగు కింద ఇంటికి చేర్చే చిన్నపిల్ల కథకు బొమ్మలు వేసింది మా అమ్మే. ఆ పిల్ల నేనే. ఆరేళ్లప్పుడు వంటింటి కిటికీ దగ్గర స్టూలెక్కి, కాళ్లు పీకుతున్నా కదలకుండా, వారం రోజులు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి మా చెల్లెలు పాలసీసా కూడా వదల్లేదు.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని యానిమేషన్ సినిమాగా తీస్తున్నారు. దర్శకురాలు మా చెల్లెలు. నేను అదే స్టూడియోలో చిత్తుబొమ్మల మీద శుభ్రంగా గీతలు దిద్దే పని చేస్తున్నాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నది ఇవాళ నా బొమ్మల మీద 'సరే' అని రాస్తోంది.

పోనీ, అదీ దిగమింగాను. పోయిన వారం పత్రికలవాళ్లు వచ్చారు. పుస్తకంలో పిల్ల ఏ పనైనా ఎడమచేత్తోనే చేస్తుంది. మా చెల్లెలిదీ ఎడమచేతివాటం. అది సంతకం పెట్టడం చూసి విలేకరి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఓహో, ఆ గొడుగు పిల్ల మీరేనన్నమాట!"

అది నవ్వి ఊరుకుంది. కాదని ఒక్క ముక్క అనలేదు. వెనకాల టీ కప్పుతో నిలబడ్డ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా కోపం దాని ఒక్కదాని మీదే కాదు, పోయిన అమ్మ మీద కూడా. నన్ను నిలబెట్టి, నా జడలు, నా పాదాలు గీసి, చెయ్యి మాత్రం చిన్నకూతురిది పెట్టింది. రెండేళ్ల పిల్లది ఏ చేతివాటమో అమ్మకెలా తెలిసిందని నేనెప్పుడూ ఆలోచించలేదు. కడుపుమంటకు లెక్కలు రావు.

మా పనిలో ఒక అలవాటుంది. బొమ్మలో వంకరలు పట్టుకోవాలంటే కంప్యూటర్లో మీట నొక్కి, అద్దంలో కనబడినట్టు తిరగేసి చూస్తాం. చూసుకుని మళ్లీ మామూలుగా తిప్పేస్తాం. పిల్ల వీధి దాటే షాటు అలాగే తిరగేశాను. గొడుగు కుడిచేతికి వచ్చింది. ఎదురుగా ఆరేళ్ల నేను! ఇక వెనక్కి తిప్పబుద్ధి కాలేదు. అరవై రెండు బొమ్మలూ అలాగే దిద్ది పంపేశాను.

మర్నాడు అందరం తెర మీద చూశాం. పిల్ల ఎడమచేత్తో గొడుగు పట్టుకుని గుమ్మం దిగింది. మరుక్షణం గొడుగు కుడిచేతికి మారింది, పిల్ల వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

"పొయ్యి కట్టేయడం మర్చిపోయిందేమో పాపం," అన్నాడు రంగులు వేసేవాడు.

గది గొల్లుమంది. నేను నవ్వలేదు. చెల్లెలూ నవ్వలేదు.

"అక్కా, ఒకసారి నా గదిలోకి రా."

లోపలికి వెళ్లాక తలుపు మూసింది. "మర్చిపోయావా, కావాలనే చేశావా?"

"కావాలనే చేశాను. ఆ పిల్ల నేను. నాకు రావాల్సిన కుర్చీ తీసుకున్నావు, సరే. చివరికి నా బొమ్మ కూడా కావాల్సొచ్చిందా నీకు?"

అది బల్ల మీది అట్టపెట్టె తెరిచింది. రంగులు సరిచూసుకోవడానికి అడిగితే ప్రచురణకర్తలు ఆ పొద్దునే పంపారట, అమ్మ వేసిన అసలు బొమ్మలు. పైదాంట్లో గొడుగు కుడిచేతిలో ఉంది. రెండోదాంట్లోనూ అంతే. వెనక అమ్మ పెన్సిల్ రాత: "ప్రెస్సువాళ్లు బొమ్మలన్నీ తిరగేసి అచ్చేశారు. పాపం, పెద్దది అన్ని రోజులు నిలబడింది. దానికెలా చెప్పను?"

ఇన్నాళ్లకు గెలిచాను.

"చూశావా!" అన్నాను. "మరి నీకు ఎడమచేతివాటం ఎలా వచ్చింది?"

"నేను పుస్తకం చూసి నేర్చుకున్నానక్కా. ఇంట్లో ఎక్కడ చూసినా నీ బొమ్మలే. నాకు ఏడుపొచ్చేది. ఆ పిల్లలా ఉంటే అమ్మ నన్ను కూడా గీస్తుందనుకున్నా. పెన్సిల్ కుడిచేతికిస్తే ఎడమచేతికి మార్చుకునేదాన్ని. దెబ్బలు కూడా తిన్నా. చివరికి అదే అలవాటైపోయింది. మొన్న ఆ విలేకరి అలా అనేసరికి, కాదనడానికి నోరు రాలేదు."

చిన్నప్పుడు దాని రాత చూసి కోడిగీతలని వెక్కిరించింది నేనే.

"ఇప్పుడేం చేద్దామంటావు? సినిమా మొత్తం కుడిచేతికి మార్చమంటే మారుస్తా," అంది.

నా బల్ల దగ్గరికి వెళ్లి మీట నొక్కాను. గొడుగు తిరిగి ఎడమచేతికి వెళ్లింది. నేను ఆ స్టూలు మీద నిలబడింది వారం రోజులే. చెల్లెలు ఇన్నేళ్లయినా ఇంకా దిగనేలేదు.