నూట పదిహేడో నంబరు చలి

రోజూ పొద్దున ఆరింటికి సైనిక శిక్షణ శిబిరంలోని మూడు వందల మంది కుర్రాళ్లు మైదానం చుట్టూ పరిగెత్తేవాళ్లు. ఏడున్నరకల్లా మూడు వందల బనియన్లు, మూడు వందల నిక్కర్లు లాండ్రీ గుమ్మం ముందు కుప్పపడేవి. లాండ్రీ నడిపే ఆవిడ ముందు వాటిలోని చలిని పిండేది. ఆ తర్వాతే సబ్బునీళ్లలో వేసేది. చలి పిండకుండా ఉతికితే, ఎన్నిసార్లు బాదినా అది గుడ్డలోనే ఉండిపోతుంది. మర్నాడు తొడుక్కున్నవాడి ఒంట్లోకి నిన్నటిది కూడా ఎక్కుతుంది. అందుకని ఒక్కో బనియనునూ బకెట్టు మీద పట్టుకుని, మెలితిప్పి, ఆఖరి చుక్క రాలేదాకా పిండేది. చలి లేత నీలంగా, గంజంత చిక్కగా దిగేది.

బకెట్లు నిండాక వెనక షెడ్డులోని పీపాల్లో పోసి, మూత బిగించి, సుద్దముక్కతో తేదీ రాసేది. ఎండాకాలంలో ఆ పీపాలు ఒక్కొక్కటీ ఆఫీసర్ల మెస్సుకు వెళ్లేవి. నిమ్మరసంలో ఒక్క చెంచా కలిపితే చాలు, గ్లాసు బయట చెమట పట్టేది. కుర్రాళ్ల ఎముకల్లోంచి తీసినది ఆఫీసర్ల గొంతులోకి పోవడంలో అన్యాయమేదో ఉందని ఆ శిబిరంలో ఎవరికీ తట్టలేదు. అది ఏళ్ల తరబడి వస్తున్న పద్ధతి. పద్ధతి అన్నాక ఇక దాని ముఖం ఎవరూ చూడరు.

ఆ ఏడు చలి మూడు వారాలు ముందే వచ్చింది. పట్టిక ప్రకారం ట్రాక్‌సూట్లు పంచాల్సింది వచ్చే నెల ఒకటో తేదీన. అప్పటిదాకా పొట్టి చేతుల బనియను, మోకాళ్ల పైదాకా నిక్కరు. మైదానంలో గడ్డి తెల్లగా బిగుసుకుపోయి, కాలు వేస్తే చిటపటమని విరుగుతోంది. పట్టిక మాత్రం ఆఫీసు గోడ మీద వెచ్చగానే ఉంది.

లాండ్రీ ఆవిడ అన్న కొడుకు ఆ మూడు వందల్లో ఒకడు, నంబరు నూట పదిహేడు. సన్నటి పొడుగు కాళ్లు కాబట్టి నిక్కరు తొడిగిన మొదటి రోజే వాడికి కొంగ అని పేరు పడింది. వాడు ఆవిడని అత్తా అని పిలుస్తుంటే విని, మిగతా రెండు వందల తొంభై తొమ్మిది మందీ అత్తా అనడం మొదలుపెట్టారు.

"ఇంతమంది అల్లుళ్లుండి నాకీ చాకిరీ ఏంట్రా? నన్ను కూర్చోబెట్టి మేపాల్సింది మీరు," అనేది.

ఒకరోజు కొంగ తన బనియను తనే తెచ్చి కుప్ప మీద పడేసి వెళ్లిపోబోయాడు. ఆవిడ ఆపింది.

"ఒంట్లో ఎలా ఉందిరా?"

"బానే ఉంది."

"నీ బనియను ఆ మాట అనట్లేదే. నిన్న నిండు బకెట్టు దిగింది."

"అందరివీ బరువే కదత్తా."

"అందరివీ చెంబెడు. నీ ఒక్కడిదే బకెట్టు. ఏం, దేశం చలంతా నువ్వే మోస్తానని మొక్కుకున్నావా?"

వాడు నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"డాక్టరు దగ్గరికి నడు."

"వెళ్లనత్తా. మొన్నటి జ్వరానికే ఆరు రోజులు మంచంలో ఉన్నాను. అవీ ఇవీ కలిపి ఏడో రోజు కూడా ఉంటే పేరు కొట్టేసి ఇంటికి పంపుతారు. మళ్లీ నాన్నతో సున్నం బట్టీలో బస్తాలే. ఆయన దగ్గు నువ్వు విన్నావుగా." గోడకు చేరబడి ఊపిరి తీసుకున్నాడు. "పద్దెనిమిది రోజులు ఓర్చుకుంటే ట్రాక్‌సూట్లు ఇస్తారు. నాక్కావాల్సింది ఆ పద్దెనిమిదే."

ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని అప్పుడే స్టోరుకు వెళ్లింది. స్టోరు కీపరు పాతికేళ్లుగా ఎవరికీ ఏదీ తొందరపడి ఇవ్వని మనిషి. ఆయన వెనక అరల్లో ట్రాక్‌సూట్లు కట్టలు కట్టలుగా, లక్క ముద్రలతో కప్పుదాకా పేర్చి ఉన్నాయి.

"అన్నా, ఒక్కటివ్వు. లోపల తొడుక్కుంటాడు, పైకి కనపడదు."

"నిక్కరు లోపల ప్యాంటు కనపడకుండా ఎలా తొడుక్కుంటాడమ్మా?"

"పోనీ ఇంతున్నాయి కదా, అందరికీ ఇచ్చెయ్యొచ్చుగా?"

"అందరికీ లేవు. అదే చిక్కు. ఉన్నవి రెండు వందల యాభై ఎనిమిది. నలభై రెండు తక్కువొచ్చాయి. అందరికీ లేనప్పుడు ఎవరికీ ఇవ్వొద్దని కమాండరుగారి మాట. ఇక్కడంతా సమానం అన్నారు."

"మరి ఆయన ఓవర్‌కోటు?"

స్టోరు కీపరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది వేరే అరలోది."

ఆ సాయంత్రం కొంగ ఉన్న దళాన్ని పరిగెత్తించే సార్జెంటు తన బట్టలకోసం వచ్చాడు. చెడ్డవాడు కాడు. పేరు పెట్టి తిట్టేవాడు కాదు, పడ్డవాణ్ణి తన్నేవాడు కాదు. ఆవిడ మేనల్లుడి సంగతంతా చెప్పి, నిండిన బకెట్టు చూపించింది. ఆయన దాంట్లో వేలు ముంచి, ఉలిక్కిపడి తీశాడు.

"నిజానికి రూలు పుస్తకంలో ఉందమ్మా. మైదానంలో ఉన్న నాయకుడు వాతావరణం చూసి నిర్ణయం తీసుకోవచ్చు. పరుగు ఆపి షెడ్డులో కసరత్తు చేయించొచ్చు."

"మైదానంలో ఉన్న నాయకుడంటే ఎవరు సార్?"

"నేనే."

"మరింకేం?"

"ఒకమాట పైన అడుగుతాను," అన్నాడు సార్జెంటు. పెన్షనుకు ఆయనకింకా పది నెలలుంది.

మర్నాడు కమాండరు గదిలో హీటరు ఎర్రగా వెలుగుతోంది. కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిని తుడిచి, కమాండరు మైదానం వైపు చూశాడు.

"ఏమిటయ్యా, చలా? చలి అంటే ఏమిటి? ఒక అభిప్రాయం. అభిప్రాయాలతో సైన్యం నడుస్తుందా?"

"పుస్తకంలో ఒక వాక్యం ఉంది సార్..."

"ఉంది. నువ్వు నిర్ణయం తీసుకోవచ్చు. తీసుకో. కాకపోతే నీ దళం ఒక్కటే షెడ్డులో ఉంటే, మిగతావాళ్లు బయట ఎందుకు పరిగెత్తుతున్నారని నన్నడుగుతారు. అప్పుడు నేను నిన్నడుగుతాను." టీ ఒక గుక్క తాగాడు. "నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు."

సార్జెంటు సెల్యూట్ చేసి వచ్చేశాడు. ఆ ఉదయం కూడా పరుగు జరిగింది. ఆ పై ఉదయమూ జరిగింది. అధికారం ఉన్నవాడు వాడుకోలేదు, వాడుకోనివ్వనివాడు కాదనలేదు. రేపెప్పుడైనా విచారణ జరిగితే ఇద్దరి చేతులూ శుభ్రంగానే ఉంటాయి.

అయిదో రోజు నాలుగో చుట్టులో కొంగ పడిపోయాడు. పక్కవాళ్లు మొదట వాడు బూటు లేసు కట్టుకుంటున్నాడనుకున్నారు. ఎత్తుకుంటే, ఎత్తినవాళ్ల చేతులు మొద్దుబారాయి.

శిబిరం ఆస్పత్రిలో రెండు దుప్పట్లు కప్పారు. వాడి ఒంటిమీది బనియను విప్పి లాండ్రీకి పంపారు. ఆవిడ మిగతా కుప్పను పక్కకు నెట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చుంది. గుడ్డ ఖాళీ అయితే వాడూ తేలికపడతాడని ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడకు ఎవరూ చెప్పనూ లేదు. అయినా పిండింది. బకెట్టు నిండింది. ఇంకో బకెట్టు పెట్టింది. మధ్యాహ్నమైంది, అది కూడా నిండింది. ఈసారిది నీలంగా లేదు, నల్లగా ఉంది. అరచేతుల చర్మం లేచిపోయినా వదల్లేదు. రెండో రోజు సాయంత్రం నాలుగింటికి ధార సన్నబడింది. చుక్కలైంది. ఆఖరి చుక్క రాలి, బనియను ఎండుటాకులా తేలికైపోయింది.

ఆవిడ ముఖం తేరుకుంది. "అమ్మయ్య," అంది పైకే.

తలెత్తేసరికి గుమ్మంలో సార్జెంటు, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నోరు విప్పకముందే ఆవిడకు తెలిసిపోయింది. ఆ బనియను ఎందుకు తేలికైందో కూడా తెలిసింది.

మరణ పత్రంలో కారణం అన్నచోట 'వ్యక్తిగత బలహీనత' అని రాశారు. కొంగ వాళ్ల నాన్న వచ్చి, దగ్గుకుంటూ కొడుకు సామాను పెట్టె మోసుకుపోయాడు.

ఒకటో తేదీ రానే వచ్చింది. ట్రాక్‌సూట్ల ముద్రలు విప్పారు. స్టోరు కీపరు కమాండరుకు చెప్పాడు: "ఇప్పుడు నలభై ఒకటే తక్కువ సార్."

కమాండరు అర నిమిషం ఆలోచించాడు. "రోజుకు నలభై ఒక్క మందిని వంటశాల పనికి, గేటు కాపలాకు వెయ్యి. మైదానంలో ఉన్నవాళ్లంతా ఒకేలా కనిపిస్తారు."

అర నిమిషం. అంతే పట్టింది. అదే అర నిమిషం పద్దెనిమిది రోజుల ముందు ఖర్చుపెట్టి ఉంటే! సమానత్వం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల కథలు లోకంలో చాలా ఉన్నాయి. అక్కడ మాత్రం సమానత్వాన్ని సీలు వేసి అరలో పెట్టి, దానికి కాపలాగా ఒక కుర్రాణ్ణి నిక్కరుతో నిలబెట్టారు.

కొంగ చలిని ఆవిడ పెద్ద పీపాల్లో కలపలేదు. వేరే క్యానులో పోసి, షెడ్డు చివర పెట్టి, మూత మీద తేదీకి బదులు నూట పదిహేడు అని రాసింది.

ఎండలు ముదిరాయి. కమాండరుకు ప్రమోషను వచ్చింది. శిబిరాన్ని కొత్త కమాండరుకు అప్పజెప్పి, ఓవర్‌కోటును రూలు ప్రకారం స్టోరుకు తిరిగిచ్చాడు. ఎనిమిది రోజుల్లో పైస్థాయి పదవిలో చేరాలి. వీడ్కోలు విందు రోజున మెస్సులో పనిచేసే మనిషి లాండ్రీకి వచ్చాడు.

"అమ్మా, అందరికీ ఒక పీపా. వెళ్లిపోతున్న కమాండరుగారి గ్లాసుకు మాత్రం విడిగా. అన్నిటికన్నా చల్లటిది ఏదుంటే అది తెమ్మన్నారు."

ఆవిడ ఇస్త్రీ ఆపలేదు. "అన్నిటికన్నా చల్లటిదంటే ఆ చివరి క్యానే."

"తీసుకోనా?"

"అడిగింది చెప్పాను. తీసుకోమనీ అనను, వద్దనీ అనను. నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు."

కమాండరు ఆ నిమ్మరసం తాగి, "ఆహా, ఇదీ చల్లదనమంటే," అని ఇంకో రెండు గ్లాసులు అడిగాడు. మర్నాడు నడిమధ్యాహ్నం దుప్పటి కప్పుకున్నాడు. సాయంత్రానికి పళ్లు కొట్టుకోవడం వినిపించి డాక్టరు వచ్చాడు. ఆస్పత్రిలో చేర్చారు. కొంగ పడుకున్న మంచమే ఖాళీగా ఉంది.

కమాండరు స్టోరుకు మనిషిని పంపాడు, కనీసం ఒక ట్రాక్‌సూటైనా ఇవ్వమని. స్టోరు కీపరు నిజంగానే బాధపడ్డాడు.

"ముద్రలు వేసేశామయ్యా. మళ్లీ చలికాలం ఒకటో తేదీ దాకా విప్పకూడదు. ఇవ్వాలంటే అందరికీ ఇవ్వాలి. నలభై ఒకటి తక్కువ కూడానూ. ఆయన పెట్టిన రూలేగా."

అలా అయిదు రోజులు గడిచాయి. ఏడో రోజు కూడా మంచంలో ఉంటే పేరు కొట్టేసి ఇంటికి పంపుతారు. ప్రమోషనూ ఉండదు, పదవీ ఉండదు. ఆ రూలు కూడా అందరికీ సమానమే.

ఆరో రోజు పొద్దున కమాండరు బనియను సార్జెంటే లాండ్రీకి తెచ్చాడు. ఆవిడ చేతిలోకి తీసుకుంది. బరువు తగలగానే వేళ్లకు అర్థమైంది. ఆ చలి ఎవరిదో అడగక్కర్లేకపోయింది. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరింది. పిండితే ఒక్క పూటలో దిగిపోయేట్టుంది.

తర్వాత లేచి, దాన్ని నేరుగా సబ్బునీళ్లలో ముంచింది. ఉతికింది, జాడించింది, ఎండలో ఆరేసింది. సార్జెంటు అంతసేపూ స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆరాక ఆవిడ ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఆయన చేతుల్లో పెట్టింది. మండుటెండలో ఆయన వేళ్లు కొంకర్లు పోయాయి.

"పిండలేదు," అన్నాడు.

"లేదు సార్. కావాలంటే చెప్పండి, ఇప్పుడైనా పిండుతాను. మైదానంలో ఉన్నది మీరే."

సార్జెంటు బనియను వైపు చూశాడు. ఆఫీసు వైపు చూశాడు. పెన్షనుకు ఇంకా అయిదు నెలలుంది. ఈసారి ఆయన పైన ఎవరినీ అడగలేదు. టోపీ పెట్టుకుని, మడత చెదరకుండా ఆ బనియనును రెండు చేతులా పట్టుకుని, ఆస్పత్రి వైపు నడిచాడు.