బా చోంబా గుండెలో గాలి

పరీక్ష కోసం ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్కతో సూది బయటికి తీసిన మరుక్షణం బా చోంబా దగ్గాడు. ఒక్కటే దగ్గు. ఎడమ చెయ్యి స్కానింగ్ బల్ల మీంచి జారి వేలాడిపోయింది.

"బా చోంబా! వినబడుతోందా?" నముకోలో అనే స్కానింగ్ డాక్టరు వంగి అడిగింది. "మెల్లగా గుచ్చు తల్లీ, మధ్యాహ్నం న్షిమా ముద్ద తినాల్సినవాణ్ణి" అని ఇందాకే ఆమెను నవ్వించిన ముసలాయన ఇప్పుడు కళ్లు తేలేసి ఆయాసపడుతున్నాడు.

ముప్పై ఏళ్లు రాగి గనిలో దుమ్ము పీల్చిన మనిషి. ఈ గనుల ఊరు కిట్వేలో ఏ నర్సుకైనా మొదటి పాఠం ఒకటే: ఆయాసపడే గనివాణ్ణి లేపి కూర్చోబెట్టాలి. నర్సు చాండా అప్పుడే ఆయన భుజాల కింద చేతులేసింది.

"వదులు! పడుకోబెట్టు!"

"ఊపిరాడట్లేదు డాక్టరమ్మా, కనబడట్లేదా?"

"సూది గుచ్చిన చోట గాలి రక్తంలోకి పోయింది. లేపితే మెదడుకెక్కుతుంది!"

పెద్ద డాక్టరు సిచోనే తలుపు తోసుకొచ్చాడు. "ఏంటీ గోల? పక్షవాతం. లేపి వార్డుకి తోయండి. ఇరవై ఏళ్లలో నేను చూడని గాలా?"

నముకోలోకి ఒళ్లు మండిపోయింది. పోయిన నెల ఇదే బల్ల మీద ఒకావిడను ఇలాగే లేపారు. సాయంత్రానికి పోయింది. కాగితం మీద పక్షవాతం.

"మీరు చూడలేదు సార్. ఎందుకంటే ఒక్కసారీ వెంటనే స్కాన్ తియ్యనివ్వలేదు!"

ఆక్సిజన్ పూర్తిగా తిప్పి, మీట నొక్కింది. బల్ల యంత్రంలోకి జారింది. తెర మీద గుండె ఎడమ గదిలో నల్లటి బుడగ, ఉసిరికాయంత.

సిచోనే తెర దగ్గరికొచ్చి వంగి చూశాడు.

నలభై నిమిషాలు బా చోంబాని ఎవరినీ కదపనివ్వలేదు నముకోలో. ముందు ఎడమ చేతి బొటనవేలు కదిలింది. తర్వాత పిడికిలి బిగిసింది. "ఎవరే అరుస్తున్నది?" అన్నాడు బా చోంబా నత్తిగా.

"బతికాడుగా," సిచోనే గొంతు తగ్గించాడు. "గాలీ గీలీ అని రాయకు. ఆస్పత్రి పరువు పోతుంది."

"పోయినావిడ ప్రాణం కంటేనా?" నముకోలో ఫైలు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

చాండా కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "నేను లేపబోయానని కూడా రాయండి డాక్టరమ్మా. నా పేరుతోనే. లేకపోతే రేపు ఇంకో నర్సు లేపేస్తుంది."