మూడు మెట్లు

తడిసిన రాతి వాసన. కింద నది.

ఒడ్డున ప్రభుత్వం చిన్న పార్కు కట్టింది. పడవలు, బల్లలు, చెట్ల నీడలు... అన్నీ అందరికీ అని గేటు మీద రాయించింది.

అందరికీ.

చక్రాల కుర్చీ నెట్టుకుంటూ వచ్చాడు తాపీ మేస్త్రి. కుర్చీలో అతని అక్క. ఈ నదిలోనే అతనికి ఈత నేర్పింది — మెడ పట్టి, తిట్టి, ముంచి, తేల్చి. నడుము విరిగిన ఆరేళ్ళకు మళ్ళీ ఇవాళే నీళ్ళ వైపు.

వాలుబాట నున్నగా దిగింది. అతను పోసిందే.

దిగింది... దిగింది...

ఆగింది.

మూడు మెట్లు. ఆ కింద జానెడు ఇసుక. ఆ పక్కనే నీళ్ళు.

"ఏంట్రా ఇది?" అంది అక్క.

"ప్లానులో అంతే ఉందక్కా. ఇంజనీరుని అడిగాను. గీసినట్టు కట్టమన్నాడు."

"గీసినవాడికి కాళ్ళున్నాయి. కట్టినవాడికి అక్క ఉందిగా! నీ బుర్ర గడ్డి మేస్తోందా?"

ఎత్తుకుందామని వంగాడు. చేతి మీద ఛెళ్ళున కొట్టింది.

"మూటలా మోస్తే రాను. ఇంటికి పద."

దారంతా ఆమె వీపే మాట్లాడింది — నిటారుగా, నిప్పులా.

అతనిలోనూ నిప్పే. గీసినవాడి మీద. సరే సార్ అని తలూపిన తన మీద, ఇంకా ఎక్కువ.

మర్నాడు గేటు తెరవగానే వచ్చాడు. తోపుడు బండిలో సిమెంటు, ఇసుక, కంకర. వెనకే అక్క, తన చక్రాలు తనే తిప్పుకుంటూ.

కాంక్రీటు కింద మెట్లు మునిగాయి. ఒకటి. రెండు. మూడు. తాపీ గీరింది — గర్రు, గర్రు — పళ్ళు కొరికినట్టు.

"ఎవరి పర్మిషన్‌తో చేస్తున్నావ్?" పార్కు కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

మేస్త్రి తలెత్తలేదు. "మెట్లు కట్టేటప్పుడు మా అక్కనడిగారా?"

"పైవాళ్ళకి ఫోన్ చేస్తా. మధ్యాహ్నానికల్లా పగలగొట్టిస్తారు."

"చెయ్యి నాయనా," అంది అక్క. కుర్చీని పచ్చి కాంక్రీటు అంచుదాకా తెచ్చి బ్రేకు వేసింది. "ఇది గట్టిపడేదాకా కదలను. వచ్చేవాళ్ళని నా ముందు నుంచే రమ్మను."

ఎండెక్కింది. మేస్త్రి తడి గోనెలు పరిచి, ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఎంతసేపురా?"

"నీ కుర్చీ బరువు ఆపాలంటే... మూడు రోజులక్కా."

"అంతేనా? ఆరేళ్ళు ఆగలేదూ!"

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు. తలుపులు దభేలున పడ్డాయి. బూట్లు... వాలుబాట మీద, దిగుతూ, దిగుతూ...

ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

పచ్చి సిమెంటు వాసన. కింద నది —